హిమాలయాల మంచు కరిగితే ఉయ్యూరు రైతుకేంటి?

(ఉయ్యూరులో జరిగిన రైతులు, కౌలు రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న విషయం వినగానే ఇందాక బయట టీ కొట్టు దగ్గర ఒక పెద్దాయన నవ్వాడు. "ఏం బాబూ, హిమాలయాలెక్కడ, మన పుల్లేరెక్కడ? అక్కడ మంచు కరిగితే మనకేంటి? మాకు కాలవకి నీళ్లెప్పుడొస్తాయో చెప్పు చాలు" అన్నాడు. ఆయన ముందు వరసలోనే కూర్చున్నాడు. ఆయన అడిగిందే సరైన ప్రశ్న. దానికి జవాబు చెప్పడానికే ఈ అరగంట.

ముందు ఒక మాట ఒప్పుకుందాం. కృష్ణమ్మ మంచులో పుట్టిన నది కాదు. మహాబలేశ్వరం దగ్గర, పడమటి కనుమల్లో, వానలో పుట్టింది. గోదావరి అంతే. మన డెల్టాలో పారే నీటిలో హిమాలయాల మంచు చుక్క లేదు. కాబట్టి అక్కడ మంచు కరిగిపోతే మన కాలవలు ఎండిపోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. నేనూ అలా చెప్పను. కానీ ఆ మంచుకీ మనకీ సంబంధం ఉంది. ఒకటి కాదు, మూడు సంబంధాలు ఉన్నాయి.

కొండ మీది గాదె

కొండల మీద వందల, వేల ఏళ్లుగా పేరుకుని, గట్టిపడి, తన బరువుకు తానే నెమ్మదిగా కిందికి జారే మంచును పుస్తకాల్లో హిమానీనదం అంటారు. మన భాషలో చెప్పాలంటే అది గాదె. కోతలప్పుడు వచ్చిన ధాన్యమంతా ఆ రోజే తినేయం కదా. గాదెలో పోసుకుని ఏడాది పొడవునా తీసుకుంటాం. కొండ కూడా అదే చేస్తుంది. చలికాలంలో పడిన మంచును దాచిపెట్టి, ఎండాకాలంలో కొంచెం కొంచెంగా వదులుతుంది. వానల్లేని నెలల్లో సింధు, సట్లెజ్ లాంటి నదుల్లో నీళ్లుండేది అందుకే. పైసా ఖర్చు లేకుండా, గేట్లు లేకుండా, ముంపు గ్రామాలు లేకుండా పనిచేసే రిజర్వాయరు అది.

ఇప్పుడా గాదె కింద పందికొక్కు చేరింది. దాని పేరు వేడి. ప్రపంచంలోని హిమానీనదాలన్నిటినీ ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టిన శాస్త్రవేత్తలు 2021లో ఒక అంకె చెప్పారు. 2000 నుంచి 2019 దాకా సగటున ఏడాదికి 26,700 కోట్ల టన్నుల మంచు పోయింది. గ్రీన్‌లాండ్, అంటార్కిటికా మంచు పలకలు ఈ లెక్కలో లేవు. టన్నుల్లో చెబితే మనకు అర్థం కాదు. టీఎంసీల్లో చెబుతాను. అది దాదాపు 9,400 టీఎంసీల నీరు. బచావత్ ట్రిబ్యునల్ మూడు రాష్ట్రాలకు పంచిన కృష్ణా నీరు మొత్తం 2,060 టీఎంసీలు. అంటే ఏటా నాలుగున్నర కృష్ణల నీరు కొండల మీది గాదెల్లోంచి ఖాళీ అవుతోంది.

హిమాలయాల సంగతి ప్రత్యేకంగా చూస్తే, ఖాట్మండులో ఉన్న ఇసిమోడ్ అనే సంస్థ 2023లో ఒక నివేదిక ఇచ్చింది. 2011-2020 దశాబ్దంలో మంచు, అంతకుముందు దశాబ్దం కంటే 65 శాతం ఎక్కువ వేగంతో పోయిందట. పొగ ఇలాగే పెరిగితే ఈ శతాబ్దం చివరికి అక్కడి మంచులో 80 శాతం వరకు పోవచ్చట.

ఇందులో ఒక మోసం ఉంది, గమనించండి. గాదెకు చిల్లుపడితే మొదట ఇల్లంతా ధాన్యమే కనిపిస్తుంది. నదుల్లో కూడా కొన్నేళ్లు నీరు పెరిగినట్టే ఉంటుంది. ఆ తర్వాత గాదె అడుగు కనిపిస్తుంది. ఈలోపు కరిగిన నీరు కొండల్లో చెరువులు కట్టి ఒక్కసారిగా తెగుతుంది. 2023 అక్టోబర్‌లో సిక్కింలో దక్షిణ ల్హొనాక్ చెరువు అలాగే తెగి, చుంగ్‌తాంగ్ దగ్గర తీస్తా నది మీది డ్యామును ఊడ్చుకుపోయింది.

మొదటి సంబంధం: మన మురుగు కాలవ

కొండ మీద కరిగిన మంచు చివరికి సముద్రంలోకే చేరుతుంది. సముద్రంలో తేలే మంచు కరిగితే మట్టం పెరగదు. నేల మీదున్న మంచు కరిగి చేరితే పెరుగుతుంది. సముద్రం వేడెక్కి ఉబ్బడం దీనికి తోడు. 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. జానెడు కంటే కాస్త తక్కువ. వందేళ్ల కిందట ఏడాదికి ఒకటిన్నర మిల్లీమీటరు లోపు పెరిగేది, ఇప్పుడు మూడున్నర దాటింది. ఈ శతాబ్దం మొదటి రెండు దశాబ్దాల్లో పెరిగిన మట్టంలో ఐదో వంతు ఈ కొండల మంచుదే.

"జానెడే కదా" అనుకోవద్దు. ఉయ్యూరు మీదికి సముద్రం రాదు. కానీ మన పొలంలో వాన నీరు ఎటు పోతుంది? బోదెలోంచి పిల్ల డ్రెయిన్‌లోకి, అక్కడినుంచి పెద్ద డ్రెయిన్‌లోకి, అక్కడినుంచి సముద్రంలోకి. దీనికి మోటారు లేదు, పంపు లేదు. నేల వాలే దాన్ని లాగాలి. మన డెల్టాలో ఆ వాలు ఎంత తక్కువో ఇక్కడ చేను సమం చేసిన ప్రతి రైతుకీ తెలుసు. సముద్రం అక్కడ జానెడు ఎత్తు పెరిగితే, ఆటుపోట్ల వేళ డ్రెయిన్ నోరు మూసుకుపోతుంది. నీరు వెనక్కి తంతుంది. ముందు నాగాయలంక, కోడూరు, మచిలీపట్నం వైపు పొలాలు మునుగుతాయి. వాళ్ల నీళ్లు పోతేగానీ మన నీళ్లు పోవు.

2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోసిన పనలు నీళ్లలో తేలాయి, కోయని చేలు పడిపోయి మొలకలొచ్చాయి. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చల్లిన మినుము కుళ్లిపోయింది. వాన ఎంత పడిందన్నది ఒక ప్రశ్న. పడిన వాన ఎన్నాళ్లు నిలిచిందన్నది రెండో ప్రశ్న. రైతును ముంచేది రెండోదే. రెండు రోజుల్లో నీరు లాగితే వరి దక్కుతుంది, వారం నిలిస్తే వరీ పోతుంది, మినుమూ పోతుంది. కౌలు రైతుకైతే ఆ ఏడాదే పోతుంది. ఎందుకంటే కౌలు బస్తాలు మాత్రం ఆగవు.

ఉప్పు సంగతి నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. మాది దివిసీమ. 1977 నవంబర్ 19న ఉప్పెన వచ్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. ఆ రాత్రి గురించి ఇక్కడ చెప్పను. పది వేల మందికి పైగా పోయారు, మీలో చాలామంది ఇళ్లలో ఆ కథ ఉంది. ఆ తర్వాత ఏమైందో చెబుతాను. సముద్రం ఒక్క రోజులో వెనక్కి పోయింది గానీ ఉప్పు పోలేదు. మా నాన్న చేలో కాలవ నీళ్లు పెట్టడం, నిలగట్టడం, మళ్లీ డ్రెయిన్‌లోకి వదలడం, ఇదే పని. నేల నాలుకకి పెట్టి చూసేవాడు. ఉప్పును కడిగేది మంచినీళ్లే. ఆ మంచినీళ్లు కృష్ణ నుంచి రావాలి, ఉప్పునీళ్లు సముద్రంలోకి పోవాలి. ఇందులో ఏది ఆగినా చేను చౌడే. ఇప్పుడు సముద్రం పెరుగుతోంది, పైనుంచి వచ్చే నీరు తగ్గుతోంది. ఉప్పెన అక్కర్లేకుండానే ఉప్పు వస్తోంది, బోరు నీళ్లలోంచి కూడా.

రెండో సంబంధం: మన ధాన్యం ధర

పంజాబ్, హర్యానా, పశ్చిమ ఉత్తరప్రదేశ్ పొలాలు హిమాలయ నదుల మీద, వాటి కాలవల మీద, ఆ నీటితో నిండే భూగర్భ జలాల మీద ఆధారపడ్డాయి. దేశం రేషన్ గోదాముల్లోకి గోధుమ, బియ్యం ఎక్కువగా వచ్చేది అక్కడినుంచే. అక్కడ నీరు తగ్గితే "వాళ్ల బాధ వాళ్లది" అనుకోవడానికి లేదు.

దగ్గర్లో జరిగినవే చూడండి. 2022 మార్చిలో ఉత్తర భారతంలో ఎండ మండి గోధుమ గింజ సన్నబడింది. మే నెలలో కేంద్రం గోధుమ ఎగుమతి ఆపేసింది. 2023లో వానలు తగ్గుతాయన్న భయం, బియ్యం ధరలు పెరుగుతున్నాయన్న భయం కలిసి, జూలై 20న బాస్మతీయేతర తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించారు. అది 2024 సెప్టెంబర్ దాకా నడిచింది. కాకినాడ రేవు నుంచి ఓడలెక్కే బియ్యం మన ధాన్యంతో పట్టినవే. ఎగుమతి ఆగితే మిల్లరు చూపేది మన వైపే. ఎక్కడో ఎండ కొట్టినా, ఎక్కడో నీరు తగ్గినా, ఢిల్లీలో ఒక కాగితం మీద సంతకం పడుతుంది, ఇక్కడ కల్లంలో బస్తా ధర కదులుతుంది. కొండల మంచు తగ్గేకొద్దీ ఇలాంటి కాగితాలు ఎక్కువవుతాయి. తిండిగింజల భారం డెల్టాల మీద పెరుగుతుంది, ధర మాత్రం పెరగనివ్వరు. మద్దతు ధరకు చట్టబద్ధత కావాలని సంఘం అడిగేటప్పుడు ఈ సంగతి కూడా గుర్తుంచుకోవాలి.

మూడో సంబంధం: మన గాదె సంగతేంటి?

ఇక అసలు విషయానికి వస్తున్నాను. దేవుడు కొండ మీద కట్టిన గాదె మనకు లేదు. అందుకే మనుషులు కట్టారు. 1832-33లో డొక్కల కరువు వచ్చి గుంటూరు సీమ శ్మశానమైంది. ఇరవై ఏళ్ల తర్వాత, 1852-55 మధ్య బెజవాడ దగ్గర ఆనకట్ట లేచింది. అది 1952లో తెగితే 1957 నాటికి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. 13 లక్షల ఎకరాలు దాని కింద బతుకుతున్నాయి. కానీ బ్యారేజీ నీరు మళ్లించే కట్టడమే గానీ నిలవ చేసేది కాదు. అందులో పట్టేది మూడు టీఎంసీలు. అసలు గాదెలు శ్రీశైలం, నాగార్జునసాగర్. తర్వాత పులిచింతల.

ఆ గాదెల పరిస్థితి వినండి. శ్రీశైలం కట్టినప్పుడు సామర్థ్యం 308 టీఎంసీలు, ఇప్పుడు లెక్కలో ఉన్నది 215. సాగర్ 408 టీఎంసీలు, ఇప్పుడు 312. రెంటిలో కలిపి పూడిపోయింది 188 టీఎంసీలకు పైనే. బచావత్ ట్రిబ్యునల్ మన డెల్టాకు ఇచ్చిందెంత? 181.20 టీఎంసీలు. ఆధునికీకరణలో ఆదా అవుతుందని 29 తీసేసి ఇప్పుడు 152.20 అంటున్నారు. అంటే ఒక కృష్ణా డెల్టాకు సరిపడా గాదె మన కళ్ల ముందే మట్టితో నిండిపోయింది. హిమాలయాల్లో గాదె కరుగుతోంది, మన దగ్గర పూడుతోంది. ఫలితం ఒకటే. వచ్చినప్పుడు దాచుకునే చోటు లేదు, కావలసినప్పుడు తీసుకునే నీరు లేదు.

ఆ మట్టి ఎక్కడిది? ఒకప్పుడు అది మన డెల్టాకు వచ్చే ఒండ్రు. డెల్టాను కట్టిందే అది. ఇప్పుడది డ్యాముల్లో ఆగిపోతోంది కాబట్టి కృష్ణా, గోదావరి డెల్టాల తీరం కొన్నిచోట్ల కోసుకుపోతోందని ఆంధ్ర విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు ఏనాడో రాశారు. సముద్రం పైకి వస్తుంటే నేల పెరగడం ఆగిపోయింది. రెండు వైపులా నష్టమే.

2024 సెప్టెంబర్ మొదటి వారం గుర్తుందా? ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల 43 వేల క్యూసెక్కులు. బ్యారేజీ చరిత్రలో అంత వరద లేదు. విజయవాడలో బుడమేరు ఇళ్లు ముంచింది, నది కట్ట లోపలి లంకల్లో పసుపు, కంద, అరటి పోయాయి. ఆ ఉధృతి ఒక్క రోజు అలాగే ఉంటే సముద్రంలో కలిసేది దాదాపు 99 టీఎంసీలు. మన డెల్టా ఏడాది వాటాలో మూడింట రెండు వంతులు. సరిగ్గా దానికి ముందు ఏడాది, 2023లో, కృష్ణకు నీరు లేక శ్రీశైలం, సాగర్ నిండక, శివారు భూముల్లో చేలు నెర్రెలిచ్చాయి. ఒక ఏడాది నెర్రెలు, మరుసటి ఏడాది వరద. వేడి పెరిగితే వాన తీరు ఇలాగే ఉంటుందని శాస్త్రం చెబుతోంది. అలాంటి కాలంలో గాదె పెద్దది కావాలి. మనది చిన్నదవుతోంది.

నీళ్లు ఎంతన్నదే కాదు, ఎప్పుడన్నది

లద్దాఖ్‌లో రైతులు ఏం చేస్తున్నారో చెబుతాను. అక్కడ ఏడాదికి పది సెంటీమీటర్ల వాన పడితే గొప్ప. విత్తనం వేయాల్సింది ఏప్రిల్, మే నెలల్లో. పైన ఎత్తులో ఉన్న మంచు కరిగి నీళ్లు వచ్చేది జూన్‌లో. ఆ రెండు నెలల తేడాతో పంట పోతుంది. ఛేవాంగ్ నోర్ఫెల్ అనే ఇంజినీరు చలికాలంలో వృథాగా పోయే వాగు నీటిని ఊరి పైన చిన్న చిన్న అడ్డుకట్టలతో నిలిపి, గడ్డకట్టించాడు. ఊరికి దగ్గరగా, తక్కువ ఎత్తులో ఉంటుంది కాబట్టి అది ముందే కరిగి విత్తనాల వేళకు నీళ్లిస్తుంది. 2015లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఆయన కొత్తగా నీరు పుట్టించలేదు. ఉన్న నీటికి వేళ మార్చాడు.

మనకీ అదే బాధ కదా. గోదావరికి వరద జూలైలోనే వస్తుంది. కృష్ణలో పైనున్న కోయనా, ఆల్మట్టి, నారాయణపూర్, తుంగభద్ర నిండి, తర్వాత జూరాల, శ్రీశైలం, సాగర్ నిండి, మన దాకా నీరొచ్చేసరికి ఆగస్టు దాటుతుంది. ఆగస్టు చివర ఊడ్చిన సార్వా కోతకొచ్చేది డిసెంబర్‌లో, అంటే తుపాను నోట్లోకి. జూలై మొదట్లో ఊడిస్తే నవంబర్ నడిమికి గింజ ఇంటికొస్తుంది, మినుముకు పదును దొరుకుతుంది. పట్టిసీమలో 24 పంపులతో 8,500 క్యూసెక్కులు తోడి, పోలవరం కుడి కాలవ ద్వారా కృష్ణలో కలిపేది అందుకే. దాని మీద రాజకీయంగా ఎవరు ఏమన్నా, రైతు అడగాల్సిన ప్రశ్న ఒకటే: నారుమడికి నీరు ఏ తారీఖున వస్తుంది? నోర్ఫెల్ గారి ఊరి రైతు అడిగిందీ అదే.

మనమేం అడగాలి, మనమేం చేయాలి

ఒకటి. శ్రీశైలం, సాగర్, తుంగభద్ర పూడిక మీద క్రమం తప్పకుండా కొలతలు తీసి, ఆ లెక్కలు రైతులకు చెప్పాలి. పూడిక రాకుండా పైన అడవి, నేల కాపాడే పనికి డబ్బు పెట్టాలి. డ్యాముల భద్రత కూడా గాదె కాపలాలో భాగమే. 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయి ఎంత నీరు పోయిందో చూశాం.

రెండు. కాలవల కంటే ముందు డ్రెయిన్లు. 1964 వరదల తర్వాత మిత్రా కమిటీ వేశారు, 1968లో డ్రెయినేజీ సెస్సు చట్టం తెచ్చారు. మన తాతలు ఆ సెస్సు కట్టారు. కాబట్టి ఇది దానం అడగడం కాదు. ఏటా మే నెలలోపు గుర్రపు డెక్క, తూటికాడ, పూడిక తీయాలి. సముద్రంలో కలిసే చోట పోటు నీరు రాకుండా తలుపులు పెట్టాలి, ఉన్నవి పనిచేయాలి.

మూడు. నీటి విడుదల తేదీ ముందే ప్రకటించాలి. తల భూములకూ శివారు భూములకూ వంతులు రాసి గ్రామంలో అతికించాలి. ఇక్కడ మన తప్పు కూడా ఉంది. తూము దగ్గరున్నవాడు రెండింతలు పెట్టుకుంటే చివరివాడికి చుక్క రాదు. పైరాష్ట్రం వాళ్లను అడిగే న్యాయం మన బోదెలో మనం పాటించాలి.

నాలుగు. దివిసీమలో మడ అడవిని చెరువుల కోసం కొట్టొద్దు, తీరం ఇసుక దిబ్బలు తవ్వొద్దు. సముద్రానికి మనకు మధ్య ఉన్న గట్టు అదొక్కటే. మంచినీటి పొలాల మధ్యలో ఉప్పునీటి చెరువులు తవ్వి పక్క చేలను చౌడు చేయడం ఆపాలి. ఇది కొందరికి నచ్చదని తెలుసు, అయినా చెప్పాలి.

ఐదు. పంట నష్టం రాసేటప్పుడు చేలో ఉన్న మనిషి పేరు రాయాలి. మన డెల్టాలో సాగు చేసేవాళ్లలో కౌలు రైతులే ఎక్కువ. నష్టం వాళ్లది, పరిహారం పట్టాదారుది అయితే, వాతావరణం మీద ఎన్ని ఉపన్యాసాలిచ్చినా వృథా.

ఆరు. మన చేతిలో ఉన్నవి. చేను ఎప్పుడూ నిండుగా ఉండాలన్న అలవాటు మార్చుకుని, తడి పెట్టడం, ఆరనివ్వడం, మళ్లీ పెట్టడం నేర్చుకుందాం. నీరూ మిగులుతుంది, చేలోంచి వచ్చే మీథేను కూడా తగ్గుతుంది. గడ్డి తగలబెట్టొద్దు. ఉత్తరాదిన కాల్చిన గడ్డి మసి హిమాలయాల మంచు మీద పడి దాన్ని నల్లబరిచి త్వరగా కరిగిస్తోంది. మన పొగ అంతదూరం పోతుందో లేదో గానీ, మన నేలకు పోవాల్సిన బలం మాత్రం మంటలో పోతోంది. మచిలీపట్నం పరిశోధన స్థానం ఇచ్చిన ఉప్పు తట్టుకునే వరి రకాలను శివారు రైతులు వేసి చూడాలి.

వేడికి అసలు కారణం రైతు కాదు. బొగ్గు, పెట్రోలు కాల్చి ముందు ధనికులైన దేశాలది పెద్ద వాటా. ఆ మాట గట్టిగా చెబుదాం. చెబుతూనే మన డ్రెయిన్ కూడా తవ్వించుకుందాం. వాళ్లు ఒప్పుకునేదాకా నీరు ఆగదు.

టీ కొట్టు దగ్గర అడిగిన పెద్దాయనకు నా జవాబు ఇది. బాబాయ్, హిమాలయాల మంచు మన పుల్లేరులోకి రాదు. కానీ అది కరిగితే మన డ్రెయిన్ నోరు మూస్తుంది, మన ధాన్యం ధర మీద చెయ్యి వేస్తుంది. అన్నిటికంటే ముఖ్యంగా, గాదెను పట్టించుకోని ఇంటికి ఏమవుతుందో చూపిస్తుంది. కాలవకు నీళ్లెప్పుడొస్తాయని నువ్వడిగావు. ఆ ప్రశ్ననే మనందరి సంతకాలతో, మండలాఫీసు నుంచి రాజధాని దాకా అడుగుదాం. సంతకాల కాగితం ఆ చివర బల్ల మీద ఉంది. ఎవరూ సంతకం పెట్టకుండా ఇంటికెళ్లొద్దు. సెలవు.